లంకలో ఆగిపోయిన బుల్లెట్‌ను రోడ్డెక్కించిన వైనం

నేను కొన్న బండి 1983లో తయారైన బుల్లెట్ 350. సఖినేటిపల్లి మండలంలో, వసిష్ఠ గోదావరి ఏటిగట్టుకు లోపలి వైపున్న ఒక లంక గ్రామంలో, కొబ్బరికాయలు రాశి పోసే షెడ్డులో అది పదిహేనేళ్లకు పైగా కదలకుండా ఉండిపోయింది. దాన్ని నడిపిన పెద్దాయన కొబ్బరి వ్యాపారం చేసేవారు. చూపు మందగించిన తరువాత బండి తీయడం మానేశారు, మరికొన్నేళ్లకు కాలం చేశారు. కొడుకులిద్దరూ హైదరాబాదులో స్థిరపడటంతో బండిని పట్టించుకునేవారు లేకపోయారు. షెడ్డు పడగొట్టాలనుకున్నప్పుడు దాని సంగతి బయటికి వచ్చి, నరసాపురంలో ఉంటున్న మా మేనమామ ద్వారా నా చెవిన పడింది. దాన్ని కొని, బాగు చేయించి, నా పేరున మార్పించుకుని పాలకొల్లు రోడ్ల మీద నడపడానికి దాదాపు ఏడాది పట్టింది. ఇలాంటి బండి మీద మనసుపడినవారికి ఉపయోగపడుతుందని ఆ క్రమమంతా రాస్తున్నాను. ఇందులో నేను నొక్కి చెప్పదలచినది ఒక్కటే: ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇంజనును ముందు విప్పాలి, ఆ తరువాతే తిప్పాలి.

పాత బండ్లలో నాకు యెజ్డీ అంటే కూడా ఇష్టమే. అయితే మైసూరులోని దాని కర్మాగారం 1996లో మూతపడింది కనుక సరైన విడిభాగాల కోసం ఊరూరా వెతకవలసి వస్తుంది. బుల్లెట్‌కు ఆ ఇబ్బంది తక్కువ. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఇంగ్లండు నమూనాతోనే ఈ బండిని మొదలుపెట్టి, తిరువొత్తియూరు కర్మాగారంలో అదే పోత ఇనుప ఇంజనును, పెద్ద మార్పులేవీ లేకుండా, 2010 ప్రాంతం వరకు తయారు చేస్తూనే వచ్చింది. అందువల్ల నా బండికి కావలసిన సామాను చాలావరకు భీమవరంలోనో రాజమండ్రిలోనో దొరికింది. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం), 346 సి.సి. ఉన్న ఈ ఇంజను వేగం కోసం పుట్టినది కాదు. తక్కువ తిరుగుళ్ల మీదే బరువు లాగడం దాని గుణం. కాలువ గట్ల మీద, లాకుల దగ్గరి ఇరుకు మలుపుల్లో, వెనుక కొబ్బరి బస్తా కట్టుకుని నిదానంగా పోయేవారికి అంతకంటే తగిన బండి లేదని నా అభిప్రాయం.

మొదటిసారి చూడటానికి వెళ్లినప్పుడు బండి మీద కొబ్బరి డొక్కల దుమ్ము అంగుళం మందాన పేరుకుని ఉంది. ఎయిర్ ఫిల్టరు పెట్టె తెరిస్తే లోపల కొబ్బరి పీచుతో అల్లుకున్న ఉడత గూడు కనిపించింది. ఇవేవీ నన్ను కలవరపెట్టలేదు. నా దిగులంతా వరద గురించే. 2022 జూలైలో గోదావరి పొంగి లంకలన్నీ మునిగినప్పుడు నీళ్లు షెడ్డులోకి వచ్చాయని, బండిని ముందే అరుగు మీదికి ఎక్కించామని ఇంటివారు చెప్పారు. వారి మాట మీద గౌరవం ఉన్నా, ఇలాంటి విషయంలో బండిని కూడా అడగాలి. సెంటర్ స్టాండు మీద అన్నాళ్లూ ఒకే తీరున నిలబడి ఉన్నందున రెండు చక్రాల రిమ్ములకూ అడుగు భాగాన మాత్రమే, బెత్తెడు మేర, పొలుసులు లేచేంత తుప్పు పట్టి ఉంది. మిగతా రిమ్ము మీద క్రోమియం మసకబారిందే తప్ప పోలేదు. ఆ తుప్పు గీత రెండు చక్రాలకూ ఒకే ఎత్తున ఆగింది. అంటే నీరు అరుగు ఎక్కింది కానీ రిమ్ము దాటి హబ్బుల దాకా, సైలెన్సరు దాకా రాలేదన్నమాట. ఇంజను అడుగున వేలు పెట్టి తుడిస్తే నూనె మడ్డి వచ్చింది గానీ ఒండ్రు తగలలేదు. వరద నీరు ఇంజనులోకి పోయి ఉంటే సన్నటి ఒండ్రు బేరింగుల్లో చేరుతుంది, అప్పుడు బండి కొనడం కంటే విడిభాగాలు కొనడమే నయం.

తరువాత కాగితాలు చూశాను. ఆర్.సి. పుస్తకం కొబ్బరినూనె మరకలతోనే అయినా భద్రంగా ఉంది. 1989 జూలైకి ముందునాటి రిజిస్ట్రేషను కనుక నంబరు ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల పాత వరుసలో ఉంది. ఇంజను మీద, ఫ్రేము మీద గుద్దిన అంకెలను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వాటి మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ ప్రింటును ఆర్.సి.తో అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. ఈ అంకెలు కలవకపోతే ధర ఎంత తక్కువైనా, బండి ఎంత అందంగా ఉన్నా వెనుదిరిగి వచ్చేయాలి. పెద్దాయన భార్య, ఎనభై దాటిన మామ్మగారు, అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నారు.

“ముక్కలు చేసి అమ్మేస్తావా, నడుపుతావా నాయనా?” అని అడిగారు. అంతకుముందు ఇద్దరు ముగ్గురు సామాను కోసమే బేరానికి వచ్చారట.

“నడుపుతానండి మామ్మగారూ. ట్యాంకు మీద రంగు కూడా మార్చను,” అన్నాను.

ఆవిడ ఫోనులో పెద్దబ్బాయితో మాట్లాడి నలభై వేలకు ఖాయం చేశారు. నడవని బండికి అది తక్కువ ధరేమీ కాదు. కానీ ఆమ్మీటరు, పనిముట్ల పెట్టె, ముందు దీపం పైన ఉండే రెండు చిన్న దీపాలు, ఆఖరికి గాలి పంపు సహా అసలు సామానంతా బండి మీదే ఉండటం చూసి నేను బేరమాడలేదు.

యజమాని మరణించిన బండిని వారసుల దగ్గర కొనేటప్పుడు పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి, ఫారం 31 ద్వారా బండి ముందు వారసుల పేరున మారాలి. ఆ తరువాతే ఫారం 29, 30 మీద సంతకాలతో కొనుగోలుదారుకు బదిలీ అవుతుంది. మరణించినవారి పేరున పాత తేదీతో సంతకం చేసిన కాగితాలు ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. పెద్దబ్బాయి సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ఆ పనులన్నీ దగ్గరుండి చేసిపెట్టారు, ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

బండిని ట్రాలీ ఆటోలో నిలువుగా కట్టి సఖినేటిపల్లి రేవుకు తెచ్చాం. చించినాడ వంతెన మీదుగా రావచ్చు, కానీ గతుకుల్లో అంత దూరం కుదపడం ఇష్టంలేక పంటు (బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కించి నరసాపురంలో దించాం. మూడు వైపుల నుంచి తాళ్లు బిగించినా, పంటు ఒడ్డుకు తగిలేటప్పుడు నేను హ్యాండిల్ వదల్లేదు.

పాలకొల్లులో నాకు తెలిసిన మేస్త్రి గారు నలభై ఏళ్లుగా బుల్లెట్లు తప్ప వేరే బండి ముట్టని మనిషి. దించగానే చుట్టూ చేరిన కుర్రాళ్లలో ఒకడు ఉత్సాహంగా కిక్కు మీద కాలు పెట్టబోతే ఆయన గట్టిగా ఆపారు. “కిక్కు జోలికి పోకండి. లోపలేముందో మనకి తెలీదండి. ముందు ప్లగ్గు విప్పి, వారం రోజులు దాన్నలా వదిలేద్దాం, ఆయ్,” అన్నారు. ఆ మాటలోని కారణం వివరిస్తాను. ఇన్నేళ్లు ఆగిన ఇంజనులో పిస్టన్ రింగులు బోరు (పిస్టన్ కదిలే సిలిండరు) గోడకు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. బలంగా కిక్కు కొడితే రింగు విరుగుతుంది, లేదా ఆ తుప్పు రజను బోరును నిలువునా గీస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను కింది ఇరుసుకు కలిపే కడ్డీ) దగ్గర ఉంది. ఆ కాలపు బుల్లెట్లలో రాడ్డు పెద్ద చివర రోలరు బేరింగు ఉండదు, ఫ్లోటింగ్ బుష్ (నూనె మీద తేలుతూ తిరిగే లోహపు గొట్టం) ఉంటుంది. అది బతికేదే నూనె పొర మీద. ఏళ్లుగా ఆ పొర ఆరిపోయి ఉన్నప్పుడు ఇంజను అందుకున్నదంటే, పంపు నూనెను అక్కడికి చేర్చేలోపే బుష్ దెబ్బతినవచ్చు. పాత బండ్లు చాలావరకు మూలనపడి ఉన్న కాలంలో కాక, మళ్లీ స్టార్టు చేసిన ఆ కొద్ది నిమిషాల్లోనే పాడవుతాయని మేస్త్రి గారు చెప్పినప్పుడు నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

ప్లగ్గు రంధ్రంలోంచి డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి, రోజూ కొంచెం కొంచెంగా చేరుస్తూ వచ్చాం. వారం దాటాక బండిని టాప్ గేరులో పెట్టి వెనుక చక్రాన్ని చేతులతో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే, మొదట గోరంత, తరువాత వేలంత కదిలి, చివరికి పిస్టన్ పూర్తిగా తిరిగింది. తిరిగింది కదా అని కూడా ఆయన ఆగలేదు. హెడ్డు (సిలిండరు పైమూత) దించి బోరు పైకి లాగారు. అది నాకు చాలా నేర్పిన రోజు. పిస్టన్ ఆగిన చోట రింగుల ఆనవాలు బోరు చుట్టూ నల్లటి గీతల్లా పడి ఉంది, గోరు పెట్టి గీకితే గుంటలు తగులుతున్నాయి. ఆ గీతకు పైభాగమంతా ఎర్రటి తుప్పు, కింది భాగం మాత్రం అద్దంలా శుభ్రంగా ఉంది. హెడ్డు తిప్పి చూస్తే ఇన్‌లెట్ వాల్వు చక్కగా ఉంది, ఎగ్జాస్ట్ వాల్వు అంచంతా గుంటలు పడింది. ఇంజను ఆఖరిసారి ఆగినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. అన్ని వర్షాకాలాలూ గోదావరి మీదుగా వచ్చిన చెమ్మగాలి సైలెన్సరు గొట్టంలోంచి నేరుగా లోపలికి పోయి బోరును తినేసింది. బండిని చాలా కాలం పక్కన పెట్టవలసి వస్తే, రెండు వాల్వులూ మూసుకుని ఉండేలా పిస్టన్‌ను కంప్రెషను మీద నిలిపి, సైలెన్సరు మూతికి నూనె గుడ్డ కుక్కాలని పెద్ద మేస్త్రీలు ఎందుకు చెబుతారో ఆ హెడ్డు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

గుంటలు పడిన బోరుకు పాలిష్ చాలదు. భీమవరంలో అర మిల్లీమీటరు రీబోరు (బోరును ఆ మేరకు వెడల్పు చేయడం) చేయించి, ఆ సైజు పిస్టను, రింగులు వేయించాం. వాల్వులను పేస్టుతో సీటింగు మీద నూరి, హెడ్డు బోర్లించి పోర్టులో కిరసనాయిలు పోసి, ఒక రాత్రంతా ఉంచినా చుక్క కారకపోవడం చూశాకే బిగించాం. కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందికీ లాగి చూస్తే లూజు లేదు, కనుక క్రాంకు (ఆ కింది ఇరుసు) విప్పవలసిన అవసరం రాలేదు. ఖర్చులో అతి పెద్ద భాగం అక్కడే తప్పింది.

బుల్లెట్‌లో ఇంజనాయిలు విడి ట్యాంకులో కాక, క్రాంక్‌కేసులోనే వేరే గదిలో ఉంటుంది. బండి చాలాకాలం ఆగితే ఆ నూనె పంపు సందుల్లోంచి మెల్లగా జారి క్రాంకు తిరిగే గదిలోకి చేరిపోతుంది. అందువల్ల కింది బోల్టులన్నీ విప్పి రెండు గదుల్లోనూ ఉన్న మడ్డిని వంచేశాం. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, కొత్త నూనె పోసి, ప్లగ్గు లేకుండానే చాలాసేపు కిక్కు తిప్పుతూ, రాకర్లకు (వాల్వులను నొక్కే మీటలు) నూనె తెచ్చే పైపు బోల్టును పైన కొద్దిగా వదులు చేసి చూశాం. మొదట గాలి బుడగలు, కాసేపటికి నూనె చుక్కలు, ఆ తరువాత ప్రతి తిప్పుకూ ఒక చిన్న పొంగు వచ్చింది. ఆ పొంగు కనబడేవరకు ప్లగ్గు బిగించకూడదని మేస్త్రి గారి నియమం, ఇప్పుడు నాదీ అదే.

కార్బొరేటరులో పాత పెట్రోలు ముదురు బెల్లం పాకంలా గట్టిపడి, పైలట్ జెట్టును (ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే సన్న రంధ్రం) పూర్తిగా మూసేసింది. జెట్టు రంధ్రంలో ఇనుప తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది, కనుక కరెంటు వైరులోని సన్నటి రాగి పోగుతోనే శుభ్రం చేయాలి. పెట్రోలు ట్యాంకు లోపలి తుప్పుకు మందులు చాలా అమ్ముతారు. మేము చిక్కటి చింతపండు పులుసు పోసి, అందులో సైకిల్ చైను ముక్క వేసి, రోజూ కాసేపు ఊపుతూ పులుసు మారుస్తూ వచ్చాం. పైనున్న నల్లరంగుకూ, చేతితో గీసిన బంగారు గీతలకూ చుక్క తగలకుండా ట్యాంకును ప్లాస్టిక్ కాగితంతో చుట్టి ఉంచాం. లోపల లోహం బూడిద రంగుకు తిరిగాక వంట సోడా నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, టూటీ ఆయిలుతో (టూస్ట్రోకు బండ్లలో వాడే నూనె) పుక్కిలించి వంచేశాం. నిదానమైన పని, కానీ రంగు దక్కింది. మామ్మగారికి ఇచ్చిన మాట కోసం మాత్రమే కాదు, ఆ గీతలు కొత్తగా గీయిస్తే అదే బండి అనిపించదు.

వైరింగు ఎలుకలు కొరికేసినందున పూర్తిగా మార్చాం. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు లాంటి పాయింట్లకు చిలుము పట్టింది. వాటిని సన్నటి ఎమరీతో రుద్ది, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల సందు పెట్టి, కండెన్సరు కొత్తది వేశాం. టైమింగు, అంటే నిప్పురవ్వ పుట్టే క్షణం, పెట్టే తీరు మాత్రం చూడవలసిందే. పిస్టన్ పైకొసకు చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడివడాలి. మేస్త్రి గారు సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి, ఒక చేత్తో దాన్ని తేలిగ్గా లాగి పట్టుకుని, రెండో చేత్తో ఇంజనును వెంట్రుకవాసి చొప్పున తిప్పారు. కాగితం జారిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. ప్లగ్గు రంధ్రంలో నిలబెట్టిన పుల్ల మీద గీతతో దాన్ని సరిచూసి బిగించారు.

బ్రేకుల్లో ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి దుమ్మును నోటితో ఊదడం మన షెడ్డుల్లో అందరికీ అలవాటే అయినా, అది ఊపిరితిత్తులకు తీరని హాని చేస్తుంది. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయాలి. టైర్లు గాలి నిలుపుతున్నా, పక్కల పగుళ్లు చూసి రెంటినీ మార్చాను. రిమ్ములు, చువ్వలు కొత్తవి.

ప్లగ్గు బిగించిన రోజు ఉదయం మేస్త్రి గారు నన్నే కొట్టమన్నారు. ఆమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేవరకు కిక్కును మెల్లగా నొక్కి, డీకంప్రెసర్ (ఎగ్జాస్ట్ వాల్వును తెరిచి పట్టే లివరు) పట్టి పిస్టన్‌ను పైకొస కొద్దిగా దాటించి, లివరు వదిలి, కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, ఒక్క ఊపున కిందికి తొక్కాలి. మొదట ఒకటి రెండుసార్లు దగ్గి ఆగింది. చోక్ సర్దాక అందుకుంది. సైలెన్సరులోంచి నూనె పొగ, దానితోపాటు మిగిలిన కొబ్బరి పీచు బయటికి వచ్చాయి. ఆయన మాత్రం సైలెన్సరు వంక చూడనే లేదు. వెంటనే రాకరు బోల్టు వదులు చేసి నూనె పొంగు చూసుకుని, అప్పుడు నవ్వారు.

రిజిస్ట్రేషను గడువు తీరిన బండిని రోడ్డు మీద నడపకూడదు కనుక తనిఖీకి కూడా ట్రాలీ ఆటోలోనే తీసుకువెళ్లాను. సొంత బండ్లకు మొదటి పదిహేనేళ్ల తరువాత ఫారం 25తో ఐదేళ్లకొకసారి రెన్యూవల్ చేయించుకోవాలి. ద్విచక్ర వాహనాలకు ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1000 రూపాయలైంది, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెరిగింది, ఆలస్యానికి అపరాధ రుసుము, గ్రీన్ ట్యాక్స్ వేరు. పాత పుస్తకంలోని వివరాలు కంప్యూటరులో లేకపోవడంతో వాటిని ముందు ఎక్కించవలసి వచ్చింది, ఎక్కువ కాలం పట్టింది అక్కడే. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు చాసిస్ నంబరు ప్రింటు తీసి, దీపాలు, హారను, బ్రేకులు చూసి సంతకం పెట్టారు. యాభై ఏళ్లు నిండిన బండ్లకు 2021 నుంచి ప్రత్యేకంగా వింటేజ్ రిజిస్ట్రేషను ఉంది గానీ, అలా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. నాకు కావలసింది నడిచే బండి కనుక, వయసు సరిపోయినా దాని జోలికి వెళ్లేవాణ్ణి కాదు.

కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు, మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఈ అలవాటు కాళ్లకు పట్టేవరకు ఊరి బయట కాలువ రోడ్డు మీదే తిరిగాను. కొత్త బోరు కుదురుకునేదాకా వేగం యాభై దాటనివ్వలేదు, హెడ్డు నట్లు మళ్లీ బిగించి నూనె తొందరగానే మార్చాను. ఈ మధ్య పంటు మీద గోదావరి దాటి వెళ్లి మామ్మగారికి చూపించాను. ఆవిడ ట్యాంకు మీది గీతలను చేత్తో తడిమి, “హారను మార్చినట్టున్నావే,” అన్నారు. నిజమే, పాతది పలకలేదు.

ఇప్పుడు నేను దీన్ని వారానికొకసారైనా ఇంజను బాగా వేడెక్కేంత దూరం తిప్పుతున్నాను. పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నందువల్ల అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, మన డెల్టా గాలిలో ఆ చెమ్మకు కొదవ లేదు. అందుకే వానాకాలంలో ట్యాంకు నిండుగా ఉంచుతున్నాను, నాలుగు రోజులకు మించి ఆపవలసి వస్తే పెట్రోలు కుళాయి కట్టేసి కార్బొరేటరు ఖాళీ అయ్యేవరకు ఇంజను నడుపుతున్నాను. గేరుబాక్సు లోంచి గ్రీజు ఇంకా కొద్దిగా కారుతోంది, రెండో గేరు ఒక్కోసారి జారుతోంది. వేసవిలో కాలువలు కట్టేశాక మేస్త్రి గారికి పని తక్కువగా ఉంటుంది కనుక, అప్పుడు దాన్ని విప్పుదామని ఇద్దరం అనుకున్నాం.